చీకటి గదిలో నలభై నిమిషాలు

తలుపు తెరుచుకున్న చప్పుడు ఆమెకు వినపడలేదు. వెలుగు మాత్రం కనపడింది. మూరెడు పొడవున్న టార్చి నుంచి వచ్చిన వెలుగు సూటిగా వెళ్లి, పొద్దున్నుంచి ఆమె ప్రాణంలా చూసుకుంటున్న చేప కంటి పొర మీద పడింది.

"లైటు ఆర్పండి" అంది ఆమె, చాలా నెమ్మదిగా.

"సారీ మేడమ్. ఇది లిఫ్టు మెషీన్ రూమ్ అనుకున్నాను."

"ముందు ఆర్పండి. తర్వాత అనుకోవచ్చు."

టార్చి ఆరింది. కానీ అప్పటికే కొంప మునిగింది. గంటలకొద్దీ చీకటికి అలవాటు పడ్డ కణాలకు ఒక్క క్షణంలో కళ్లు బైర్లు కమ్మాయి. కంప్యూటర్ తెర మీద గీతలన్నీ పిచ్చిగా ఎగిరి, ఆ తర్వాత చదునుగా పడుకున్నాయి. ఐదు గంటల పని గంగలో కలిసింది.

ఆమె బయోఫిజిసిస్టు. కంట్లో వెలుగు పడగానే ఆ కబురు నరాల్లోకి ఎలా ఎక్కుతుందో, ఒక నాడీకణం నుంచి ఇంకో నాడీకణానికి చేతులు మారుతూ మెదడుదాకా ఎలా వెళ్తుందో తెలుసుకోవడం ఆమె ఉద్యోగం. పదకొండేళ్లుగా అదే లోకం. మొదట కప్ప కళ్లు, తర్వాత చేప కళ్లు, ఈమధ్యే మనుషుల కళ్లు. పనంతా బేస్‌మెంటులో, ఒక మసక ఎర్ర దీపం ముందు. అందుకే ఆ బిల్డింగులో ఆమెకు చీకటి మేడమ్ అని పేరు. ఆ పేరు ఆమెకు తెలియదని అందరి నమ్మకం.

"బయట ఎర్ర బల్బు వెలుగుతుంటే లోపలికి రాకూడదని తెలియదా?"

"బల్బు వెలగడం లేదు మేడమ్."

"పొద్దున నేనే వేశాను."

అతను కాసేపు ఆలోచించాడు. "లిఫ్టు రిపేరు కోసం ఈ వరండా ఫ్యూజు తీశాను. ఆ బల్బు కూడా దాని మీదే ఉన్నట్టుంది."

"అంటే బల్బు ఆర్పిందీ మీరే, ఆరింది కదా అని లోపలికొచ్చిందీ మీరే."

"అవును మేడమ్. రెండు తప్పులూ నావే."

కొంగు బిగించి తగువుకు దిగిన మనిషికి ఎదుటివాడు ఇలా ఒప్పేసుకుంటే ఎంత ఇబ్బందో ఆమెకు అప్పుడే తెలిసింది. నోటిదాకా వచ్చిన నాలుగు మాటలూ ఎటూ కాకుండా పోయాయి. వెళ్లిపోతాడనుకుంటే వెళ్లలేదు.

"పాడైపోయిందేమిటో చెబుతారా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పాడైందని చెబితే అయ్యో అంటారు, వెళ్లిపోతారు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. చీకట్లో అతని ముఖం కనపడదు కాబట్టి విసుగు పుట్టిందో లేదో తెలియదు. అలా ఇరవై నిమిషాలు చెప్పింది.

"నేను చేయగలిగిందేమైనా ఉందా మేడమ్?"

"మీ కళ్లు బాగుంటాయా?"

ఆమె నాలుక కరుచుకుంది.

"అంటే, చూపు."

"అద్దాలైతే లేవు మేడమ్. బాగుంటాయో లేదో మీరే వెలుతురులో చూసి చెప్పాలి."

అలా లిఫ్టు మెకానిక్కు ప్రతి శనివారం మధ్యాహ్నం ఆమె ప్రయోగంలో కూర్చోవడం మొదలైంది.

ప్రయోగం చెప్పడానికి తేలిక. ముందు నలభై నిమిషాలు కటిక చీకట్లో కూర్చోవాలి. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అంత సమయం పడుతుంది. తర్వాత గడ్డం ఒక స్టాండు మీద ఆనించి ఎదురుగా చూడాలి. టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. దాని వెంట ఒక్కోసారి వెలుగు మెరుస్తుంది, అదీ ఉందా లేదా అన్నంత పిసరు. ఒక్కోసారి ఏమీ రాదు, ఉత్త టిక్కు. కనపడితే "ఉంది" అనాలి, కనపడకపోతే "లేదు" అనాలి. చీకట్లో రాసుకోవడం కుదరదు కాబట్టి మొదటినుంచి చివరిదాకా ఒక రికార్డరు తిరుగుతూ ఉంటుంది.

వెలుగును హెచ్చించి తగ్గించే చక్రానికి మోటారు కాలిపోయింది. కొత్తది రావడానికి మూడు నెలలన్నారు. అంతవరకూ ఆమే తెర వెనక కూర్చుని, ఎదుట ఉన్న జాబితా చూసుకుంటూ చేత్తో తిప్పేది.

"చేత్తో తిప్పితే ఏది ఖాళీయో నీకు ముందే తెలిసిపోతుంది కదమ్మా" అన్నారు పెద్దసారు. ఆమె డిపార్టుమెంటు హెడ్డు ఆయన. ఏ విషయమైనా ఒకేసారి చెబుతారు, రెండోసారి చెప్పరు.

"నాకు తెలిస్తే ఏం సార్, చూసేది నేను కాదుగా. చక్రం చప్పుడు రెండింటికీ ఒకటే. పరీక్షించుకున్నాను."

పెద్దసారు గడ్డం గోక్కుని ఊరుకున్నారు.

నలభై నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలని రూలేమీ లేదు. మొదటి శనివారం వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. రెండో శనివారం లిఫ్టుల గురించి.

"లిఫ్టుకు జబ్బు చేస్తే తలుపు తీయకముందే తెలిసిపోతుంది మేడమ్. పక్కన నిలబడితే చాలు."

"ఎలా?"

"ఎలాగంటే ఏం చెప్పను. ఒంట్లో బాగాలేనివాళ్లు గుమ్మంలోకి రాగానే మనకు తెలిసిపోదూ? మీ బిల్డింగు లిఫ్టుకు మూడో అంతస్తు దాటేటప్పుడు ఆయాసం."

ఆమె నవ్వింది. ఆ నవ్వు చీకట్లో తనకే కొత్తగా వినపడింది.

మూడో శనివారం ఆమె వంతు. "మా కణాలకు ఒక జబ్బుంది. చీకట్లో ఊరికే కూర్చోబెడితే, వెలుగు రాకపోయినా ఒక్కోసారి ఒక కణం ఉలిక్కిపడి, వెలుగు వచ్చిందని పైకి కబురు పంపేస్తుంది."

"అబద్ధమా?"

"అబద్ధమని దానికి తెలియదు. నిజంగా వచ్చినప్పుడు ఎలా పంపుతుందో అచ్చం అలాగే పంపుతుంది."

"మరి ఏది నమ్మాలో మెదడుకు ఎలా తెలుస్తుంది?"

"అదే నేను పదకొండేళ్లుగా అడుగుతున్నది. వచ్చిన ప్రతి కబురూ నమ్మితే మోసపోతాం. ఏదీ నమ్మకపోతే నిజంగా వచ్చిన వెలుగు కూడా పోతుంది."

"పాపం" అన్నాడతను. ఎవరిని అన్నాడో ఆమె అడగలేదు.

ఒక శనివారం సెషన్ అయ్యాక పైకి వచ్చేసరికి వాన. రెండు గంటలు చీకట్లో ఉన్న కళ్లకు ఆ మబ్బు పట్టిన పగలే భరించలేనంత వెలుగు. వరండాలో ఇద్దరూ కళ్లు చికిలించుకుని, నీళ్లు కారుస్తూ, ఎవరో తిట్టి పంపినవాళ్లలా నిలబడ్డారు. ఆమె తన నల్లద్దాలు తీసి అతనికిచ్చింది.

"మరి మీకు?"

"నాకు అలవాటే. మీ కళ్లు నాకు అవసరం."

అతను అద్దాలు పెట్టుకున్నాడు. అవి ఆడవాళ్లవి, అంచులు పిల్లి చెవుల్లా పైకి లేచి ఉంటాయి. వాటితోనే ఎంతో గంభీరంగా గొడుగు విప్పి, ఆమెను ఇంటిదాకా దిగబెట్టాడు. గొడుగు అంతా ఆమె వైపే ఉందని, అతని ఎడమ భుజం నుంచి నీళ్లు ధార కడుతున్నాయని ఇంటి దగ్గర అమ్మ చెప్పేదాకా ఆమె చూడలేదు. వెలుగులో అన్నిటికన్నా చిన్న రేణువును వెతికే మనిషికి పక్కనున్న తడిసిన చొక్కా కనపడలేదు మరి.

ఇంతకీ అతని కళ్లు. ఆ మసక వెలుగుకు మామూలు మనుషులు నూటికి అరవై సార్లు సరిగ్గా చెబితే గొప్ప. అంతకుముందు కూర్చున్న ఐదుగురూ అక్కడక్కడే తచ్చాడారు. అతను తొంభై దాటాడు. ఆమె లెక్క తప్పిందేమోనని మళ్లీ చూసుకుంది. మరుసటి శనివారం మళ్లీ తొంభై. మనిషి కన్ను ఇంతకన్నా చూడలేదని పుస్తకాలు గీసిన గీతను, ఒక లిఫ్టు మెకానిక్కు గడ్డం స్టాండు మీద పెట్టుకుని తాపీగా దాటేస్తున్నాడు.

ఆమె ఉద్యోగం ఆ నెలాఖరుతో అయిపోతుంది. ఇంకో మూడేళ్లు ఉండనివ్వాలా వద్దా అని ఒక కమిటీ తేలుస్తుంది. పదకొండేళ్లలో చేతిలో ఇంత పెద్ద ఫలితం పడటం ఇదే మొదలు. ఇది పట్టుకుని వెళ్తే కమిటీ కాదనలేదు. ఆమె కాళ్లు నేల మీద లేవు.

ఆమె ఆ ఆనందంలో ఉండగానే ఒక శనివారం అతనన్నాడు, "మేడమ్, కంపెనీ నన్ను వేరే ఊరికి సూపర్‌వైజరుగా వెళ్లమంది."

"ఎప్పుడు వెళ్తున్నారు?" అంది ఆమె, గొంతు మామూలుగానే ఉంచి.

"వెళ్లనన్నాను."

"ఎందుకు?"

"శనివారాలు పోతాయని."

అప్పటికి సరిగ్గా నలభై నిమిషాలు అయ్యాయి. ఆమె చక్రం తిప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు అతను కొన్ని తప్పులు చెప్పాడు. అలిసిపోయి ఉంటాడనుకుంది.

కమిటీ ఇంకా పది రోజులుందనగా కొత్త మోటారు వచ్చింది. ఇక చక్రాన్ని కంప్యూటరే తిప్పుతుంది, ఆమె పక్క గదిలో కూర్చుంటే చాలు. ఆ శనివారం సెషన్ చివర తెర మీద అంకె చూసి ఆమె కుర్చీలోంచి లేవలేకపోయింది. యాభై ఎనిమిది.

మోటారు తప్పేమోనని మళ్లీ చేయించింది. యాభై ఏడు. అప్పుడు ఆమె లోపలికి వెళ్లి లైటు వేసింది. అడగాల్సిన తీరులో అడగలేదు.

"ఇన్నాళ్లూ ఎలా చెప్పారు?"

"ఏమిటి మేడమ్?"

"వెలుగు వచ్చిందని ఎలా తెలిసింది మీకు? జాబితా ఎక్కడైనా చూశారా? నాతో ఆడుకున్నారా?"

అతను వెలుతురుకు కళ్లు చికిలించి ఆమె వైపు చూశాడు. "నాకు కనపడిందే చెప్పాను."

"కనపడటం కుదరదు. ఇవాళ తేలిపోయింది."

"అయితే నేను అబద్ధం చెప్పినట్టేనా?"

ఆమె ముఖం తిప్పుకుంది. అతను జేబులోంచి నల్లద్దాలు తీసి, గీతలు పడకుండా జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ జాగ్రత్త చూశాక ఆమెకు ఏడుపొచ్చింది.

నాలుగు రోజులు ముద్ద దిగలేదు. బుధవారం సాయంత్రం అమ్మ జాకెట్టు గుండీ కుట్టుకుంటూ సూది ఆమె చేతికిచ్చింది. "నాకు కన్ను ఆనడం లేదు, కాస్త దారం ఎక్కించు."

ఆమె సూదిని దీపానికి ఎదురుగా పట్టుకుంది.

"ఊపిరి పీల్చుకోవే తల్లీ" అంది అమ్మ.

"ఏమిటీ?"

"చిన్నప్పటినుంచీ అంతే నువ్వు. ఏదైనా గురి చూడాలంటే చాలు, ఊపిరి బిగబట్టేస్తావు. పరీక్ష రాసేటప్పుడు నీ పక్కన కూర్చున్న పిల్లకు భయమేసేది."

ఆమె సూదిని అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"ఇంతకీ ఆ లిఫ్టబ్బాయి మళ్లీ రాలేదేం?" అమ్మ గుండీ సర్దుకుంటూ అంది. "మంచివాడే. గొడుగు గుమ్మం బయటే దులిపి లోపలికొచ్చాడు. అంతమాత్రం తెలిసినవాళ్లు కూడా తక్కువ."

మర్నాడు పొద్దున్నే ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాత రికార్డింగులన్నీ విన్నది. వాల్యూం పెంచితే తన ఊపిరి తనకే వినపడింది. ఖాళీ టిక్కు ముందు అది మామూలుగా వస్తూ పోతూ ఉంది. నిజంగా వెలుగు వచ్చే ముందు మాత్రం టక్కున ఆగింది. ఆ తర్వాత టిక్కు. ఆ తర్వాత అతని గొంతు, "ఉంది." వందల సార్లు, దాదాపు ఒక్కటీ తప్పకుండా. అతను ఏమీ దొంగచాటుగా చూడలేదు. ఏది వెలుగో ఏది ఖాళీయో ప్రతిసారీ ఆమే అతనికి చెప్పింది.

వెలుగు లేనప్పుడు అతను "ఉంది" అన్న తప్పులు మొత్తం పదకొండు. ఎక్కడున్నాయా అని వెతికితే పదకొండూ ఒకే శనివారం రికార్డింగులో దొరికాయి. "శనివారాలు పోతాయని" అన్న మాట వెంటనే. ఆ రోజు ఉత్త టిక్కులకు కూడా ఆమె ఊపిరి ఆగి ఉంది.

ఆమె హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. పదకొండేళ్లుగా నాడీకణాలు పంపే కబుర్లు చదివే మనిషికి సొంత ఒంట్లోంచి వచ్చిన కబురు ఇంత ఆలస్యంగా అందింది.

శుక్రవారం అతను మెషీన్ రూమ్‌లోనే ఉన్నాడు, చేతులకు గ్రీజుతో. ఆమె గుమ్మంలో ఆగి తలుపు తట్టింది.

"తెరిచే ఉంది మేడమ్" అన్నాడు, తల ఎత్తకుండా.

"నేను మీకు ఒకటి వినిపించాలి."

అతను గుడ్డతో చేతులు తుడుచుకుని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. ఒక్క నిమిషం పట్టలేదు.

"ఇది మీరు" అన్నాడు.

"అవును."

"నేను మాత్రం వెలుగు చూశాననే అనుకున్నాను మేడమ్. ఒట్టు."

"తెలుసు. చెవికి అందినదాన్ని మెదడు కంటికి అంటగట్టింది. మీరు అబద్ధం చెప్పలేదు. నేనే అనరాని మాట అన్నాను. ఈసారి రెండు తప్పులూ నావే. నన్ను క్షమించండి."

అతని ముఖంలో బిగువు మెల్లగా సడలింది. "మరి సోమవారం కమిటీకి ఏం చెబుతారు?"

"ఉన్నదే చెబుతాను."

"చెప్పకపోతే వాళ్లకు తెలుస్తుందా?"

"తెలియదు."

"ఉద్యోగం?"

"పోవచ్చు."

అతను లిఫ్టు తాడు వైపు చూస్తూ తల ఊపాడు. పోతే పోనీ అనలేదు, ఏం కాదులే అనీ అనలేదు. "కమిటీ ఐదో అంతస్తులో కదా. ఆ టైముకు లిఫ్టు ఆగకుండా నేను చూసుకుంటాను" అన్నాడు.

సోమవారం ఆమె ఉన్నదంతా చెప్పింది. గొప్ప ఫలితం లేదని, అదంతా తన ఊపిరేనని, రికార్డింగు వినిపించి మరీ చెప్పింది. బల్ల చుట్టూ ఐదుగురు పెద్దలు ఆమె ఊపిరి ఆగడం, మెకానిక్కు "ఉంది" అనడం వింటూ కూర్చున్నారు.

"అన్నీ బాగానే ఉన్నాయి కానీ" అన్నారు పెద్దసారు కాగితం తిరగేస్తూ, "ఈ ఒక్క శనివారం ఖాళీ టిక్కులకు కూడా ఊపిరి ఎందుకు బిగబట్టావమ్మా?"

"అది ప్రయోగానికి సంబంధించింది కాదు సార్."

"మరి దేనికి సంబంధించింది?"

ఆమె బల్ల వైపు చూసింది. చెవులు వేడెక్కాయి. ఐదుగురు పెద్దలూ ఒక్కసారిగా తమ తమ కాగితాల్లో ఏదో ముఖ్యమైంది కనపడినట్టు తలలు వంచుకున్నారు.

మూడేళ్లు ఇవ్వలేదు. ఒక ఏడాది ఇచ్చారు. తప్పు దొరికిన చోటే ప్రయోగం మళ్లీ మొదలుపెట్టమన్నారు. వెళ్లేముందు పెద్దసారు గుమ్మం దగ్గర ఆగి, "ఎదుటి మనిషి ఊపిరి మన తీర్పును ఎంత దూరం లాక్కుపోతుందో ఇంత శుభ్రంగా ఎవరూ కొలవలేదు. అది కూడా రాయి" అన్నారు. ఈ మాట మాత్రం ఆయన రెండుసార్లు చెప్పారు.

శనివారం బయల్దేరుతుంటే అమ్మ వెనక నుంచి కేకేసింది. "ఈసారి వచ్చి పోవడం కాదు, భోజనానికి రమ్మన్నానని చెప్పు."

ఎర్ర బల్బు వేసి ఉంది. అతను గడ్డం స్టాండు మీద ఆనించి కూర్చున్నాడు, ఆమె పక్క గదిలో. చక్రం తనంతట తాను తిరిగింది. చివర అంకె యాభై తొమ్మిది. ఆమె తలుపు తీసుకుని చీకట్లోకి వెళ్లింది. లైటు వేయలేదు.

"ఎన్ని?" అని అడిగాడతను.

"యాభై తొమ్మిది. మీ కళ్లు అందరి కళ్లలాంటివే."

"మీకు చాలా నష్టం చేశాను."

"పదకొండు తప్పుల సంగతి మీకు చెప్పలేదు నేను."

చెప్పింది. ఏ శనివారమో, ఏ మాట తర్వాతో, ఏమీ దాచకుండా. అతను కదలకుండా విన్నాడు. కుర్చీ కిర్రుమని కూడా అనలేదు.

"ఇంక ఒక ప్రశ్న మిగిలింది" అంది ఆమె. దారంతా అమరుస్తూ వచ్చిన ప్రశ్న అది. మీ మనసులో కూడా ఉందా అని అడగాలి, అంతే. నోరు తెరిచింది. మాట రాలేదు. చీకట్లో ఒక క్షణం, రెండు క్షణాలు, టిక్కు కూడా లేదు.

"ఉంది" అన్నాడతను.

"నేనింకా అడగలేదు."

"అడిగారు."

ఆమె అప్పుడు ఊపిరి వదిలింది. ఇద్దరూ ఆ చప్పుడు విన్నారు. అతని చెయ్యి గాలిలో తడుముకుంటూ వచ్చి ఆమె వేళ్లను అందుకుంది, గ్రీజు వాసన ఇంకా పోలేదు.

"అమ్మ భోజనానికి రమ్మంది" అంది ఆమె.

"వెళ్దాం. కాసేపు కూర్చుని వెళ్దాం."

బయట ఎర్ర బల్బు వెలుగుతూనే ఉంది. ఎవరూ తలుపు తీయలేదు.